రెండు పొరల నడుమ బెండు

నీటిమీద నడక: 19వ భాగం

గత భాగంలో కథను ఫైబర్‌గ్లాస్ పడవ దగ్గర ఆపాం. 1942లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో రే గ్రీన్ గాజునారకు పాలియెస్టర్ రెసిన్ పట్టించి చిన్న పడవ చేశాడనీ, యుద్ధం ముగిశాక ఆ విద్య ఊరూరికీ పాకిందనీ చెప్పుకున్నాం. కొత్త సరుకు కుళ్లదు, తుప్పు పట్టదు, సముద్రపు పురుగు దాన్ని తొలవదు. ఒక అచ్చు చేసుకుంటే వంద పడవలు తీయొచ్చు. ఇన్ని సుగుణాలున్న పిల్లకు ఏదో ఒక వంక ఉండాలి కదా, ఉంది. అది వంగుతుంది.

ఫైబర్‌గ్లాస్ అంత సులువుగా తెగదు. వంగకుండా బిగిసి నిలబడడంలో మాత్రం మామూలు గాజునార పలక ఉక్కుకు పదో వంతు కూడా తూగదు. పలచగా పోస్తే డెక్కుమీద మనిషి అడుగేసిన చోటల్లా నేల దిగి లేస్తుంది. అల కొట్టినప్పుడు పక్కగోడ లోపలికీ బయటికీ ఊగుతుంది. మందంగా పోస్తే ఊగదు కానీ బరువూ ఖర్చూ పెరుగుతాయి, తేలికదనం కోసం ఫైబర్‌కు వచ్చినవాడు మళ్లీ చెక్కపడవ బరువుకే చేరతాడు. లోపల దగ్గర దగ్గరగా పక్కబద్దలు అతికించడం ఇంకో దారి. ప్రతి బద్దనూ చేత్తో అమర్చాలి, అతుకు చుట్టూ మళ్లీ గాజుగుడ్డ వేయాలి. కూలి తడిసి మోపెడవుతుంది.

మూడో దారి పలకను చీల్చడం. 10 మిల్లీమీటర్ల పలకను ఐదూ ఐదుగా విడదీసి, మధ్యలో 10 మిల్లీమీటర్ల మందాన ఏదైనా తేలికైన బెండులాంటి సరుకు పెట్టి గట్టిగా అతికిస్తే, వంపును తట్టుకునే శక్తి ఏడు రెట్లవుతుంది. మధ్యలో 30 మిల్లీమీటర్లు పెడితే 37 రెట్లు. ఇందులో కనికట్టేం లేదు. ఆ శక్తి మందానికి ఘనంగా పెరుగుతుంది, అంతే. నాలుగు ఘనం 64, అందులోంచి బెండు ఆక్రమించిన మూడు ఘనం 27 తీసేస్తే మిగిలేది 37. బరువు చూడండి: 10 మిల్లీమీటర్ల ఫైబర్ పలక చదరపు మీటరుకు సుమారు 17 కిలోలుంటుంది. ఘనపు మీటరుకు 80 కిలోలు తూగే ఫోమ్‌ను 30 మిల్లీమీటర్ల మందాన మధ్యలో పెట్టినా అదనంగా పడేది రెండున్నర కిలోల లోపే.

పలక వంగబోయినప్పుడు ఒక పొర సాగుతుంది, రెండోది నలుగుతుంది. నడిమి సరుకు ఆ రెంటినీ దూరం దూరంగా పట్టి ఉంచాలి, ఒకదాని మీదుగా ఒకటి జారిపోకుండా ఆపాలి. ఆపిల్ పండ్ల అట్టపెట్టెను చింపి చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. రెండు కాగితాలు, మధ్యలో మడతల కాగితం, ఆ పెట్టె మీద మనిషి కూర్చున్నా నిలుస్తుంది. అదే పెట్టె వానలో తడిస్తే ఏమవుతుందో కూడా అందరూ చూసిందే. ఈ భాగం మొత్తం ఆ రెండు వాక్యాల మధ్యే నడుస్తుంది.

పడవ వాళ్లు ఈ సరుకును శాండ్‌విచ్ అంటారు, నడిమి పదార్థాన్ని కోర్ అంటారు. మనమూ అలాగే అందాం. కోర్ చరిత్ర తిరగేస్తే నాకు కొట్టొచ్చినట్టు కనపడేది ఒక్కటే: పడవలు కట్టేవాళ్లు దీన్ని తమ కోసం తాము కనిపెట్టుకున్న సందర్భం దాదాపు లేదు. వంతెన నుంచి, విమానం నుంచి, శత్రుదేశపు ప్రయోగశాల నుంచి, చివరికి తాగి పారేసిన నీళ్ల సీసా నుంచి, ప్రతిసారీ అరువే. అరువు తెచ్చుకున్న ప్రతి వస్తువుకీ నీటి దగ్గర మళ్లీ పరీక్ష రాయాల్సి వచ్చింది.

సూత్రం పాతదే. 1849లో విలియం ఫెయిర్‌బైర్న్ రాసిన పుస్తకంలో ఇది ఉందని ఇంజినీరింగ్ చరిత్రకారులు చూపిస్తారు. వేల్స్‌లో మెనాయ్ జలసంధి మీద రాబర్ట్ స్టీవెన్సన్ కట్టిన బ్రిటానియా రైలు వంతెనకు ప్రయోగాలు చేసింది ఈయనే. ఇనుప గొట్టంలోంచి రైలు నడిచిన ఆ వంతెనకు పైకప్పూ అడుగూ గట్టి దిమ్మలు కావు, గదులు గదులుగా కట్టిన డొల్లలు. ఆయన స్వయంగా ఇనుప ఓడలు కట్టినవాడు. అయినా ఈ ఆలోచన అక్కడి నుంచి నేరుగా ఓడలకు దిగలేదు. దానికి ముందు ఒక చెట్టు కథలోకి రావాలి.

ఆ చెట్టు బాల్సా. ఈక్వడార్ అడవుల్లో పుట్టిన ఇది కలుపు మొక్కలా పెరుగుతుంది. ఐదారేళ్లకే కొట్టి మిల్లుకు పంపొచ్చు. ఎండాక ఘనపు మీటరుకు సగటున 150 కిలోలు, అంటే నీటి బరువులో ఆరో వంతు కన్నా తక్కువ. 1526లో స్పెయిన్ సేనాని పిజారో పంపిన నావికుడు బార్తొలొమె రూయిజ్ ఈక్వడార్ తీరాన దక్షిణంగా వెళ్తుంటే ఎదురైంది ఇలాంటి దుంగలు కట్టిన పెద్ద తెప్పే. నూలు తెరచాపలు, ఇరవై మంది దాకా మనుషులు, వెండి బంగారు నగలు, అల్లిన బట్టలు, వ్యాపారానికి గవ్వచిప్పలు. స్పెయిన్ వాళ్లు దాన్ని పట్టుకుని సరుకు ఎత్తుకుపోయారు. తెప్ప కట్టిన తీరుమీద వాళ్లకు పెద్ద ఆసక్తి కలిగినట్టు లేదు.

ఆసక్తి కలిగినవాడు నాలుగు వందల ఏళ్ల తర్వాత వచ్చాడు. నార్వే దేశస్థుడు థోర్ హయెర్దాల్ 1947 ఏప్రిల్ 28న తొమ్మిది బాల్సా దుంగల కాన్-టికి తెప్పమీద మరో ఐదుగురితో పెరూలోని కల్లావ్ రేవు నుంచి బయల్దేరాడు. బాల్సా నీళ్లు పీల్చి నెలలోపే మునుగుతుందని పండితులు చెప్పారు. 101 రోజుల తర్వాత, ఆగస్టు 7న, తెప్ప పసిఫిక్ నడుమ రారోయియా పగడపు దిబ్బకు కొట్టుకుంది, అప్పటికీ తేలుతూనే ఉంది. పచ్చి దుంగలు కొట్టి తేవడం వాళ్లకు కలిసొచ్చింది. లోపలి చెట్టురసం నీటిని రానివ్వలేదు. ఆయన వాదించిన జనవలసల సిద్ధాంతం నిలవలేదు కానీ, బాల్సా మీద చేసిన నీటి పరీక్ష మాత్రం అక్కరకొచ్చేదే.

మన తీరంలో తెప్పలు కట్టిన జాలర్లకు ఈ సంగతి ఇంకో వైపు నుంచి తెలుసు. వేట ముగిసి ఒడ్డుకొచ్చాక తాళ్లు విప్పి దుంగల్ని విడివిడిగా ఇసుకమీద ఆరబెట్టేవాళ్లు. నీళ్లు తాగిన కర్ర మర్నాటి వేటకు పనికిరాదు. విప్పి ఆరబెట్టుకునే వీలు తెప్పకుంది. రెండు పొరల మధ్య మూసేసిన కర్రకు ఆ వీలు లేదు. శాండ్‌విచ్ పడవల కష్టాలన్నీ ఈ తేడాలోంచే పుట్టాయి.

బాల్సాను శాండ్‌విచ్‌గా మార్చింది మాత్రం విమానం వాళ్లు. ఇంగ్లండులో జెఫ్రీ డి హావిలాండ్ కంపెనీ 1937లో ఎగరేసిన ఆల్బట్రాస్ ప్రయాణికుల విమానానికి ఒళ్లంతా చెక్కే: పలచని ప్లైవుడ్ పొరలు, మధ్యలో బాల్సా. యుద్ధం వచ్చింది, అల్యూమినియం కరువైంది. అదే పద్ధతిలో పుట్టింది మాస్కిటో. 1940 నవంబరు 25న మొదటిసారి ఎగిరింది. బర్చ్ ప్లైవుడ్ రెండు పొరలు, నడుమ బాల్సా. విమానం ఒంటిని నిలువునా రెండు సగాలుగా అచ్చులమీద చేసి, లోపలి తీగలూ గొట్టాలూ అమర్చుకున్నాక రెండు సగాలనూ కలిపి అతికించేవారు. గంటకు 600 కిలోమీటర్లు దాటి పోయేది. విమానాల ఫ్యాక్టరీలు ఊపిరాడక ఉన్నప్పుడు కుర్చీలూ బల్లలూ చేసే వడ్రంగుల చేత దీని భాగాలు చేయించగలిగారు. మొత్తం 7,781 విమానాలు తయారయ్యాయి. లోహయుగం పతాకస్థాయిలో ఉండగా చెక్క విమానం అంత పేరు తెచ్చుకోవడం నాకిప్పటికీ తమాషాగానే ఉంటుంది.

ఈ కథలో మన దేశం కనపడే చోటు అంత మంచిది కాదు. 1944 చివర్లో భారత్-బర్మా రంగంలో కొన్ని మాస్కిటోల రెక్కలు గాలిలోనే దెబ్బతిని ప్రమాదాలు జరిగాయి. నవంబరులో ఇక్కడి మాస్కిటోలను నేలమీద నిలిపేసి తనిఖీ చేశారు. వేడీ తేమా కారణమని ఒక పక్షం, ఫ్యాక్టరీలో అతుకులు సరిగా పడలేదని ఇంకో పక్షం వాదించుకున్నాయి. తొలిరోజుల్లో వాడిన పాలవిరుగుడు జిగురు, కేసీన్, తేమకు ఆగదని అప్పటికే తెలుసు. దాని స్థానంలోకి ఫార్మల్డిహైడ్ రకం జిగుర్లు వచ్చాయి. ఏ పక్షం గెలిచినా తప్పు బాల్సాది కాదు. శాండ్‌విచ్‌లో మొదట తెగేది అతుకు. ఈ మాట ముందుముందు పడవల దగ్గరా వింటాం.

అట్లాంటిక్ అవతల 1944లోనే అమెరికా సైన్యం తన రైట్ ఫీల్డ్ కేంద్రంలో వల్టీ శిక్షణ విమానం వెనుక భాగాన్ని గాజునార పొరలు, బాల్సా కోర్‌తో చేసి ఎగరేసింది. ఫైబర్‌గ్లాస్, బాల్సా జంట అక్కడ కలిసింది. పడవ వాళ్లకు పెళ్లి విందు దొరికింది కానీ ముహూర్తం పెట్టింది వాళ్లు కాదు.

1950ల్లో బాల్సాకు ఇంకో విచిత్రమైన కొలువు దొరికింది. 1959లో మీథేన్ పయనీర్ అనే ఓడ లూసియానాలోని లేక్ చార్లెస్ నుంచి ద్రవరూప సహజవాయువును ఇంగ్లండులోని కాన్వీ దీవికి మోసుకెళ్లింది. సముద్రం దాటిన మొదటి ఎల్‌ఎన్‌జీ సరుకది. మైనస్ 162 డిగ్రీల చలిని ఉక్కు ఓడకు తగలకుండా ఆపింది ట్యాంకుల చుట్టూ పేర్చిన బాల్సానే. అంత చలికి మామూలు ఉక్కు గాజులా పెళుసై పగులుతుంది మరి.

అదే ఏడాది జనవరిలో న్యూయార్క్ పడవల ప్రదర్శనలో ట్రైటన్ అనే 28 అడుగుల తెరచాప పడవ జనం కంటబడింది. రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని బ్రిస్టల్‌లో క్లింటన్, ఎవరెట్ పియర్సన్ అనే దాయాదులు చేసిన పడవ. మధ్యతరగతి కుటుంబం కొనగలిగిన ఫైబర్ పడవల్లో తొలి తరం దీనిదే. పడవ అడుగు గట్టి ఫైబర్, డెక్కుకు మాత్రం బాల్సా కోర్. మనుషులు తిరిగే చోట ఊగకూడదు, పైన బరువు పెరగకూడదు. కోర్‌కు అంతకన్నా మంచి చోటు లేదు.

ఆ కాలంలోనే బాల్సాను కోసే తీరు మారింది. మామూలుగా పలక కోస్తే కర్రలోని నాళాలు పలక పొడవునా పడుకుని ఉంటాయి. ఒక చోట చెమ్మ దిగితే వాటి వెంట ఎంతదూరమైనా పాకుతుంది, పైనుంచి నొక్కితే నలుగుతుంది. దుంగను అడ్డంగా బిళ్లలుగా కోస్తే నాళాలు నిలబడతాయి. ఒక పొర నుంచి ఇంకో పొర దాకా నిలువుగా లేచిన లక్షల సన్నని స్తంభాలన్నమాట. నొక్కుడుకు అవి కొండలా ఆగుతాయి, చెమ్మ పక్కకు పాకడమూ తగ్గుతుంది. ఆ బిళ్లల్ని చిన్న చతురస్రాలుగా కోసి పలచని గాజువల మీద అతికిస్తే చాపలా మడిచి అచ్చు వంపుల్లో పరచొచ్చు. కోన్ కుటుంబానికి చెందిన బాల్టెక్ కంపెనీ ఈక్వడార్‌లో తోటలూ మిల్లులూ, అమెరికాలో అమ్మకాలూ పెట్టుకుని ఈ సరుకుకు ప్రపంచమంతా గిరాకీ తెచ్చింది.

ఎవరెట్ పియర్సన్ 1960ల్లో పాత కంపెనీ నుంచి బయటికొచ్చి నీల్ టిలట్సన్‌తో కలిసి కొత్త కంపెనీ పెట్టాడు. ఈసారి డెక్కుతో ఆగలేదు, పడవ ఒళ్లంతా బాల్సా శాండ్‌విచ్‌గా పోశాడు. 1977లో రాడ్ జాన్‌స్టన్ అనే ఆయన గీసిన జే-24 పడవ పియర్సన్ దగ్గరికి వచ్చింది. జాన్‌స్టన్ తన తొలి నమూనాను ఇంటి గ్యారేజీలోనే కట్టుకున్నవాడు. ఏడు మీటర్ల పైచిలుకు పొడవున్న ఆ పందెం పడవ 5,000కు పైగా అమ్ముడుపోయింది. చేత్తో రెసిన్ పూసే పని తగ్గించి, సంచిలో మూసి గాలి లాగేసి ఆ పీల్పుతోనే రెసిన్ పారించే పద్ధతులు ఈ కంపెనీలోనే బాగా ముదిరాయి. ఈ పేరు గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

ఇప్పుడు చేదు సంగతి. 1970, 80ల్లో కొన్న పడవలు ఇరవై ఏళ్లు నడిచాక డెక్కులు మెత్తబడడం మొదలైంది. కారణం కర్ర కన్నా మనిషి చేసిన రంధ్రం. డెక్కుమీద తాడు కట్టే కొయ్య, రెయిలింగ్ కడ్డీ, గాలిగూడు, ప్రతిదానికీ బోల్టు కావాలి. తొందరలో ఉన్న పనివాడు శాండ్‌విచ్‌కు అడ్డంగా డ్రిల్లు దించి, కాస్త సీలెంటు పూసి, బోల్టు బిగించి పోతాడు. సీలెంటు పదేళ్లకు గట్టిపడి పగులుతుంది. ఆ పగుల్లోంచి రోజుకు చుక్క చొప్పున నీళ్లు దిగినా చాలు. అడ్డకోత బాల్సా చెమ్మను నెమ్మదిగా పాకనిస్తుందే కానీ ఆపేయదు. కర్ర కుళ్లి గుజ్జవుతుంది. పై పొర కింది పొరతో తెగతెంపులు చేసుకుంటుంది. ఏడు రెట్ల, ముప్పై ఏడు రెట్ల లెక్కలు అక్కడితో చెల్లు, మిగిలేవి విడివిడి పలచని రెండు రేకులు.

అందుకే పాత పడవ కొనేముందు సర్వేయర్ ప్లాస్టిక్ సుత్తి పట్టుకుని డెక్కంతా తట్టుకుంటూ పోతాడు. బాగున్న చోట టంగుమంటుంది, పొర లేచిన చోట దబ్‌మంటుంది. నివారణ చాలా చవక. రంధ్రం చుట్టూ కోర్‌ను కొంచెం తవ్వి తీసి, ఆ గుంటను ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక మధ్యలో డ్రిల్లు వేయాలి. అప్పుడు సీలెంటు పోయినా నీటికి కర్ర తగలదు. అరగంట పని. ఆ అరగంట మిగుల్చుకున్నందుకు లక్షల రూపాయల డెక్కులు ఊడబీకాల్సి వచ్చింది. బాల్సాకు చెడ్డపేరు ఇలా వచ్చిందే తప్ప, న్యాయంగా రావాల్సింది కాదని నా అభిప్రాయం.

కుళ్లని కోర్ కావాలన్న కోరికకు జవాబు యూరప్‌లో దొరికింది. పీవీసీని నురగగా పొంగించి గట్టిపరిచే విద్య యుద్ధకాలపు జర్మనీలో పుట్టింది. యుద్ధం తర్వాత అది ఫ్రాన్స్‌కు చేరి క్లెజెసెల్ పేరుతో అమ్మకానికొచ్చింది. స్విట్జర్లాండ్‌లో ఐరెక్స్, స్వీడన్‌లో డివినిసెల్ దాని చుట్టాలే. ఇందులో రెండు జాతులున్నాయి. అణువులు ఒకదానికొకటి కొక్కెం పడిన రకం బిర్రుగా ఉంటుంది. కొక్కెం పడని రకం కాస్త మెత్తన, దెబ్బ తగిలితే పగలకుండా వంగి లేస్తుంది, రాయికి తగిలే పడవ అడుగుకు అదే నయం. గదులు మూసుకున్న నురగ కాబట్టి నీళ్లు పాకవు, కుళ్లడానికి లోపల ఏమీ లేదు.

అయితే ఫోమ్‌కు ఎండంటే పడదు. 70, 80 డిగ్రీల దగ్గర పీవీసీ నురగ మెత్తబడుతుంది. ఉష్ణదేశపు మధ్యాహ్నపు ఎండలో ముదురు రంగు డెక్కు ఆ వేడికి సులువుగా చేరుతుంది. ఫోమ్ కోర్ డెక్కులకు తెలుపో లేత రంగో వేయడం అందం కోసం కాదు.

పందెం పడవల వాళ్లు మాత్రం ఫోమ్‌తోనూ తృప్తి పడలేదు. విమానాల నుంచి తేనెపట్టు కోర్ తెచ్చుకున్నారు: రెసిన్‌లో ముంచిన నోమెక్స్ కాగితాన్ని షడ్భుజాల గదులుగా చేసి, దానికి రెండువైపులా కార్బన్ పొరలు. ఇంతకన్నా తేలికైంది లేదు. పొరకు అతుక్కునే చోటు మాత్రం గదుల అంచులే. 1995 మార్చి 5న శాన్‌డియాగో దగ్గర అమెరికా కప్ అర్హత పందెంలో వన్ ఆస్ట్రేలియా పడవ నడిమికి విరిగి రెండు నిమిషాల్లో మునిగింది. మనుషులంతా ఈదుకుంటూ బయటపడ్డారు. బరువులో ప్రతి గ్రామునూ పీకుతూపోతే చివరికి ఏం పీకామో టీవీలో అందరూ చూశారు.

అసలైన ఓడల్లోకి శాండ్‌విచ్‌ను తెచ్చింది మందుపాతరల భయం. సముద్రపు మైను ఓడ ఉక్కులోని అయస్కాంత గుణాన్ని పసిగట్టి పేలుతుంది. వాటిని ఏరే ఓడ ఉక్కుది కాకూడదు. చెక్క ఓడలకు మంచి కలప, మంచి వడ్రంగులు దొరకడం కష్టమయ్యాక బ్రిటన్ 1972లో విల్టన్ అనే ఫైబర్ యుద్ధనౌకను నీటిలోకి దించింది. ప్రపంచంలో అదే మొదటిది. గట్టి ఫైబర్ పలక, లోపల పక్కబద్దలు. తర్వాతి హంట్ తరగతి ఓడల్లో, నీటిలో పేలుడు దెబ్బకు పక్కబద్దలు ఊడకుండా టైటానియం బోల్టులు కూడా బిగించారు. ఇటలీ వాళ్లు బద్దల గొడవే వద్దని కొన్నిచోట్ల పది సెంటీమీటర్లు దాటే మందంతో లెరిచి ఓడలు పోశారు.

స్వీడన్ ఎంచుకున్నది మూడో దారి. బాల్టిక్ తీరంలో కార్ల్స్‌క్రోనా రేవు 1680లో నౌకాదళం కోసమే కట్టిన ఊరు. అక్కడి ఓడల కర్మాగారం 1974లో విక్‌స్టెన్ అనే చిన్న ఓడతో పరీక్ష చేసుకుని, 1980ల్లో 47.5 మీటర్ల లాండ్‌సోర్ట్ తరగతి ఓడల్ని పీవీసీ ఫోమ్ శాండ్‌విచ్‌తో కట్టింది. ఈ పద్ధతిలో భారీ అచ్చులు అక్కర్లేదు. చవక చెక్కతో ఓడ ఆకారపు చట్రం నిలబెట్టి, దానిమీద ఫోమ్ పలకలు బిగించి, బయటివైపు గాజుగుడ్డ వేసి రెసిన్ పట్టించి, చట్రం తీసేసి లోపలివైపు కూడా అలాగే చేస్తారు. ఒకటి రెండు ఓడలే కావలసిన చిన్న దేశానికి ఇది పెద్ద ఆదా. లోపల పక్కబద్దలు అంతగా లేని నున్నని గోడలు. పేలుడు తరంగం తగిలితే ఆ గోడ మొత్తంగా వంగి మళ్లీ నిలబడుతుంది, ఒక చోట ఊడే అతుకు తక్కువ. సింగపూర్ కూడా నాలుగు ఓడలు కొనుక్కుంది.

అదే రేవులో 2000 జూన్‌లో నీటిలోకి దిగింది విస్బీ. 72.7 మీటర్ల పొడవు, 640 టన్నులు. ఈసారి పొరలు గాజునారవి కావు, కార్బన్‌వి. నడుమ పీవీసీ ఫోమ్. శత్రువు రాడార్‌కు అంతుచిక్కకుండా పక్కలన్నీ పలకలు పలకలుగా చెక్కిన ఆ ఓడ 35 నాట్లు దాటి, అంటే గంటకు 65 కిలోమీటర్ల వేగంతో పోగలదు. ఐదు కట్టారు. కార్బన్ విద్యుత్తును పోనిస్తుంది కాబట్టి లోపలి యంత్రాల రేడియో సంకేతాలు బయటికి పొక్కకుండా కూడా ఆ గోడలే కాస్తాయి.

విశాఖపట్నం రేవుకు దీనితో నేరుగా చుట్టరికం ఉంది. జలాంతర్గాముల్ని వేటాడే కమోర్తా తరగతి ఓడల్ని కోల్‌కతాలోని గార్డెన్‌రీచ్ కర్మాగారం కట్టింది. మొదటి రెండింటికీ పైకట్టడం లోహంతో చేసినదే. మూడోది కిల్తాన్, నాలుగోది కవరత్తి, వీటికి పైకట్టడాన్ని కార్బన్ ఫైబర్ కాంపోజిట్‌తో వేశారు. ఆ పనికి ఆర్డరు దక్కింది కార్ల్స్‌క్రోనాలో విస్బీని కట్టిన కాకమ్స్ కంపెనీకే. కిల్తాన్ 2017 అక్టోబరు 16న, కవరత్తి 2020 అక్టోబరు 22న విశాఖలోనే నౌకాదళంలో చేరాయి. ఓడకు పైబరువు తగ్గితే తుపాను అలల్లో నిలకడ పెరుగుతుంది. బంగాళాఖాతంలో తిరిగేవాటికి అది చిన్న లాభం కాదు.

ఇంత మంచిదైతే సరుకు రవాణా ఓడలూ, ప్రయాణికుల ఓడలూ దీనితోనే ఎందుకు కట్టరని అడగొచ్చు. నిప్పు వల్ల. అంతర్జాతీయ సముద్ర భద్రతా నిబంధనలు పెద్ద ఓడల కట్టడానికి ఉక్కునో దానికి సమానమైన దాన్నో కోరతాయి. రెసిన్ మండుతుంది. 2002 నవంబరులో నార్వే నౌకాదళపు ఓర్క్లా అనే మైనుల ఓడ, ఫైబర్ శాండ్‌విచ్‌దే, మంటలంటుకుని మునిగిపోయింది. సిబ్బంది అంతా ప్రాణాలతో బయటపడ్డారు. శాండ్‌విచ్ తరఫున చెప్పాల్సిన మాట ఒకటుంది. ఉక్కు గోడ ఒకవైపు కాలితే రెండోవైపు గదినీ కాలుస్తుంది, ఫోమ్ గోడ వేడిని అంత త్వరగా దాటనివ్వదు. కానీ ఆ లోపు పొరను అంటిపెట్టుకున్న అతుకు మెత్తబడిపోతే గోడ బలమే పోతుంది. ఉక్కుకు బదులు వేరే సరుకు వాడదలిస్తే లెక్కగట్టి రుజువు చూపే వీలును 2002 జులైలో అమల్లోకి వచ్చిన సవరణలు ఇచ్చాయి. ఫైబర్ భాగాలకంటూ తాత్కాలిక మార్గదర్శకాలు 2017లో గానీ రాలేదు. ఈలోగా జర్మనీలో క్రూయిజ్ ఓడలు కట్టే మాయర్ కర్మాగారం ఉక్కుతోనే శాండ్‌విచ్ చేసింది. రెండు పలచని రేకుల మధ్య నిలువు పట్టీలు పెట్టి లేజర్‌తో అతికించింది. మండదు, చూరు ఎత్తు కలిసొస్తుంది.

బాల్సా సంగతి ముగిసిందనుకున్న వాళ్లకు అమెరికా నౌకాదళం ఒక విడ్డూరం చూపింది. సుమారు 15,000 టన్నుల జుమ్‌వాల్ట్ యుద్ధనౌక, అంతకన్నా ఖరీదైన డిస్ట్రాయర్ ఎక్కడా లేదు. దాని పైకట్టడం కార్బన్ పొరల మధ్య బాల్సా శాండ్‌విచ్. కాన్-టికి దుంగల జాతి కర్రే రాడార్‌కు దొరకని ఓడ నెత్తిమీద కూర్చుంది. రెండు ఓడల దాకా అలా నడిచింది. మూడోదానికి ఖర్చు చూసుకుని 2013లో ఉక్కుకు దిగిపోయారు, మిసిసిపీ రాష్ట్రంలోని గల్ఫ్‌పోర్ట్‌లో ఆ కాంపోజిట్ పని చేసిన కర్మాగారం మూతపడింది.

బాల్సాను అసలు కదిలించినది ఓడలు కావు, గాలిమరలు. పడవలకు బాల్సా శాండ్‌విచ్ పోసిన పియర్సన్ కంపెనీ అదే చేతివాటంతో గాలిమర రెక్కలు పోయడం మొదలుపెట్టి, చివరికి పడవల్ని వదిలేసి రెక్కల కంపెనీగానే మిగిలింది. రెక్క కూడా పొడవాటి, సన్నని, వంగకూడని డొల్లే కదా. చైనాలో నేలమీది గాలిమరలకు ప్రభుత్వ రాయితీ గడువు 2020 చివరికి ముగుస్తుందనగా అక్కడి కంపెనీలు రెక్కల కోసం పరుగుపెట్టాయి. ప్రపంచపు బాల్సాలో తొంభై శాతానికి పైగా ఈక్వడార్‌ది. తోటల్లో చెట్లు చాల్లేదు. ధర కొండెక్కింది. పస్తాసా నది వెంట అడవుల్లోకి, అచువార్, వావోరానీ తెగల నేలమీదికి రంపాలు వెళ్లాయి. అంతా కరోనా కాలం, అడిగేవాడు లేడు. నదీ దీవుల్లో పెరిగిన చెట్లు కొన్ని నెలల్లో ఖాళీ అయ్యాయి. డబ్బు కొంత తెగల చేతికి వచ్చింది, దానితోపాటు తగువులూ వచ్చాయి.

పడవలు కట్టేవాళ్లు ఈ గొడవలో ఒక మూల నిలబడి చూడాల్సి వచ్చింది. వాళ్లు కొనే బాల్సా గాలిమరల ముందు చిటికెడు, అడిగినా సరుకు దొరకలేదు. గిరాకీ ఎవరిదో, ఇబ్బంది వీరిది. మొదట్లో అన్నానే అరువు సంగతి, ఇది దాని రెండో ముఖం. రెక్కల కంపెనీలు బాల్సా నుంచి మరలి పెట్ ఫోమ్ పట్టుకున్నాయి. నీళ్ల సీసాలు ఏ ప్లాస్టిక్‌వో అదే ప్లాస్టిక్‌ను పొంగించి చేసే నురగ, వాడేసిన సీసాలతోనూ చేయొచ్చు. బరువులో, బిర్రులో పీవీసీ నురగకు కొంచెం దిగదుడుపే, కానీ ధర తక్కువ, ఫ్యాక్టరీలో కావలసినంత తీయొచ్చు, అడవి అడగదు. గాలిమరల కోసం పెద్ద ఎత్తున తయారు కావడంతో ఇప్పుడది పడవల అచ్చుల్లోకీ దిగుతోంది.

ఇక పాత శాండ్‌విచ్ పడవల సంగతి. ఉక్కు ఓడను కోసి కరిగించొచ్చు, చెక్క పడవ పొయ్యిలోకి పోతుంది. గాజు, రెసిన్, బెండు మూడూ విడదీయరాకుండా అతుక్కున్న పడవను ఏం చేయాలో ఇరవయ్యో శతాబ్దం ఆలోచించి పెట్టలేదు. ఫ్రాన్స్ 2019 నుంచి పాత విహార పడవల్ని విప్పదీయడానికి ఒక సంస్థను నడుపుతోంది. ఆ పని ఎలా సాగుతోందో, రేవుల వెనక పోగుపడిన డొల్లల లెక్క ఎవరి నెత్తిన పడుతోందో వచ్చే భాగంలో చూద్దాం.

(సశేషం)